పండగ విందులో మెస్కాల్, జీలుగు కల్లు: ఉత్తరాంధ్ర పానీయాల కథ

మెస్కాల్ మెక్సికో దేశపు సారా. కిత్తనార జాతి మొక్కల నడిబొడ్డున పెరిగే బరువైన గడ్డను నేలలో తవ్విన గుంతలో కాల్చి, నలగ్గొట్టి, పులియబెట్టి, బట్టీ పట్టి తీస్తారు. ఆ కాల్పు వల్లే దానికి పొగవాసన అంటుకుంటుంది. దక్షిణ మెక్సికోలోని ఒహాకా రాష్ట్రం దీనికి పెట్టింది పేరు. 1994లో మెక్సికో ప్రభుత్వం మెస్కాల్‌కు ప్రాంతీయ గుర్తింపు ఇచ్చి, ఎక్కడ పడితే అక్కడ ఆ పేరుతో అమ్మకుండా కట్టడి చేసింది. ఒకప్పుడు పల్లె పెళ్లిళ్లకూ పితృదేవతల పండగకూ పరిమితమైన ఈ సారా ఇప్పుడు క్రిస్మస్, కొత్త సంవత్సరం విందుల్లో కాక్‌టెయిల్ గ్లాసుల్లోకి ఎక్కింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోకి మెస్కాల్ సీసా వచ్చిందంటే, సంక్రాంతికి విదేశం నుంచి దిగిన చుట్టం సంచీలో వచ్చిందనే అనుకోవాలి. మన విమానాశ్రయాల్లో పెద్దవాళ్లు సుంకం లేకుండా తలా 2 లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు.

అయితే ఒహాకాలో మెస్కాల్ చేసే పనిని ఉత్తరాంధ్రలో తరతరాలుగా మూడు పానీయాలు చేస్తున్నాయి: కొండమీద జీలుగు కల్లు, ఇప్పసారా, మైదానంలో తాటికల్లు. పండగలో ఇవి ఎలా వడ్డిస్తారు, వీటి వెనక ఏ చెట్లు, ఏ చట్టాలు, ఏ తగాదాలు ఉన్నాయి అన్నది మెస్కాల్ చరిత్ర కంటే తక్కువ ఆసక్తికరమైనది కాదు.

ముందు చెట్ల సంగతి. కిత్తనార మొక్క ఏళ్ల తరబడి చక్కెర కూడబెట్టుకుంటుంది. మెస్కాల్‌కు ఎక్కువగా వాడే ఎస్పదీన్ రకానికి ఆరు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది. ఆ తర్వాత ఒకే ఒక్కసారి నిలువెత్తు పూకాడ వేసి చచ్చిపోతుంది. ఆ కాడ బయటికి రాకముందే గడ్డను కోసేస్తారు. జీలుగు చెట్టు తాటికి, కొబ్బరికి దాయాది అయినా నడత మాత్రం కిత్తనారదే. పది పదిహేనేళ్లు ఊరికే పెరుగుతుంది. ఆపైన నెత్తి దగ్గర మొదటి గెల వేస్తుంది. తర్వాతి గెల దాని కింద, ఆ తర్వాతిది ఇంకా కింద. అలా పై నుంచి కిందికి దిగుతూ కొన్నేళ్లపాటు పూసి, చివరి గెలతో చెట్టు ఆయువు తీరిపోతుంది. గీసేవాడు ఆ గెలల మొనలు కోసి కుండ కడతాడు. బాగా పారే చెట్టు రోజుకు పది, ఇరవై లీటర్లు ఇస్తుంది. అందుకే సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో జీలుగు చెట్టు ఉన్న ఇంటికి పాడి ఆవు ఉన్న ఇంటికున్నంత మర్యాద ఉంటుంది. ఆస్తి పంపకాల్లో చెట్టుకూ వాటా పడుతుంది. సరిహద్దుకు అవతల, ఒడిశాలోని రాయగడ, కొరాపుట్ కొండల్లో ఇదే చెట్టును సలప అంటారు. గౌరవం అక్కడా అంతే.

ఈ రెండు దేశాల మధ్య బంధుత్వం చెట్ల నడతతో ఆగిపోదు. 16వ శతాబ్దం చివర్లో మనీలా నుంచి మెక్సికో పసిఫిక్ తీరానికి వెళ్లిన స్పానిష్ ఓడల్లో ఫిలిప్పీన్స్ పనివాళ్లు కొబ్బరితోపాటు కల్లు గీతనూ, దాన్ని సారాగా కాచే బట్టీనీ కొలీమా ప్రాంతానికి తీసుకెళ్లారు. ఆ బట్టీనే కిత్తనారకు మళ్లించడంతో మెస్కాల్ పుట్టిందని కొందరు మెక్సికో వృక్షశాస్త్రజ్ఞులు వాదిస్తారు. అందరూ ఒప్పుకున్న మాట కాదది. బట్టీని స్పెయిన్‌వాళ్లు తెచ్చారనేవాళ్లూ ఉన్నారు, అంతకుముందే అక్కడ ఉందనేవాళ్లూ ఉన్నారు. మొదటి వాదం నిలబడితే మాత్రం, ఆసియా కల్లుగీతగాడి కత్తికి మెస్కాల్ కొంత రుణపడినట్టే.

జీలుగు కల్లు వేళ పట్టి తాగే పానీయం. తెల్లవారుజామున దింపినప్పుడు తియ్యగా, పాలనురగతో ఉంటుంది. గాలిలోని ఈస్టు కుండలోకి చేరడంతోనే చక్కెర ఆల్కహాలుగా మారడం మొదలవుతుంది. మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, రాత్రికి పులిసిపోతుంది. ఆల్కహాలు సాధారణంగా 4 నుంచి 6 శాతం. కణుపుల దగ్గర కొమ్మ మొదళ్లు వదిలిన పొడవాటి వెదురు బొంగును నిచ్చెనగా ఆనించి చెట్టెక్కుతారు. దింపినది ఆనపకాయ బుర్రలో పోసి, అడ్డాకు డొప్పల్లో పంచుతారు. ఒహాకా పల్లెల్లో కూడా మెస్కాల్‌ను గాజు గ్లాసులో కాకుండా ఒక రకం ఎండుకాయ చిప్పలో పోసివ్వడం పాత అలవాటు. గాజు గ్లాసు అంచుకు ఉప్పు రాసి ఇవ్వడం బార్లు తెచ్చిన మర్యాద.

ఈ కొండల్లోని గిరిజనులైన సవరల, జాతాపుల పండగల్లో పానీయం మొదటి చుక్క మనుషులది కాదు. కందులు కోతకొచ్చే పుష్య, మాఘ మాసాల్లో కందికొత్త చేస్తారు. ఆ పండగ అయ్యేదాకా కొత్త కందులు నోట పెట్టరు. మామిడికొత్త, సామకొత్త కూడా అలాంటివే. ఊరి పూజారి నేలమీద కాస్త కల్లో సారానో ఒలికించి, పోయినవాళ్ల పేర్లు తలచిన తర్వాతే డొప్పలు చేతులు మారతాయి. పొరుగున ఉన్న గంజాం, కొరాపుట్ కొండ సవరలపై మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో వెలువరించిన పెద్ద గ్రంథంలోనూ, పియర్స్ వితెబ్‌స్కీ 1993 నాటి అధ్యయనంలోనూ ఈ ఒలకపోత మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. గోడమీద వేసిన బొమ్మల ముందు, చావు తంతుల్లో, పెళ్లి మాటల్లో ఎక్కడైనా సారా చచ్చినవాళ్లకూ బతికినవాళ్లకూ మధ్య కబురు మోస్తుంది. ఇంటికి పిల్లను అడగడానికి వచ్చినవాళ్లు తెచ్చిన కుండను అందుకున్నారంటే మాటలకు దారి ఇచ్చినట్టే.

ఇప్పసారా ఎండాకాలపు సరుకు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లారకముందే ఇప్పపూలు చెట్టుకింద రాలిపడతాయి. ఎండబెట్టిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. నానబెట్టి, కొన్నాళ్లు పులియనిచ్చి, కుండమీద కుండ బోర్లించి, పై కుండను చన్నీళ్లతో చల్లబరుస్తూ ఆవిరిని పట్టి దింపుతారు. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టిన నాటి నుంచి కొండవాళ్ల దగ్గర అడవి సరుకు కొంటోంది. ఇప్పపువ్వు, ఇప్పగింజ ఆ జాబితాలోవే. ఆ సంస్థకు పువ్వు అమ్మితే చట్టం అడ్డురాదు, కాచి అమ్మితే నేరం. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో తేల్చే పని మన్యంలో చాలాకాలంగా ఎక్సైజ్ వాళ్ల చేతుల్లోనే ఉంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తుపానీయాలను నియంత్రించే, నిషేధించే అధికారం గ్రామసభలకు దఖలుపరిచింది. కాగితం మీద అది పెద్ద అధికారమే.

మైదానానికి దిగితే కథ తాటిచెట్టు చుట్టూ తిరుగుతుంది. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా తీరం వెంబడి, పొలం గట్లమీద తాటి వరసలు లేని ఊరు అరుదు. గీత పని ఇక్కడ ప్రధానంగా యాత, శ్రీశయన సెగిడి కులాల వృత్తి. మోకు, ముస్తాదు కట్టుకుని పొద్దున్నా సాయంత్రమూ చెట్టెక్కాలి. ఒక్కపూట గీత తప్పినా గెల మొన ఎండిపోతుంది. సంక్రాంతి నాటికి కల్లు కాలం అందుకుంటుంది. భోగి మంటల దగ్గర కాకపోయినా, కనుమనాడు కోడికూర పక్కన తాటికల్లు కుండ చాలా ఊళ్లలో ఉంటుంది. అమ్మవారి సంబరాల్లో కల్లు సాక పోయడం తెలుగు నేలమీద పాత ఆచారం. మక్కువ మండలంలోని శంబర పోలమాంబ జాతర జనవరిలో, పండగ సెలవుల వెనకే వస్తుంది. కొండవాళ్లూ మైదానం వాళ్లూ, ఒడిశా నుంచి వచ్చేవాళ్లూ కలిసే చోటు అది. విజయనగరంలో దసరా వెళ్లిన మంగళవారం జరిగే పైడితల్లి సిరిమానోత్సవానికి ముందురోజు తొలేళ్లు. ఆ రెండు రోజులూ పట్నంలో చుట్టాలు లేని ఇల్లు ఉండదు, వచ్చినవాళ్లకు ఏం పోయాలన్న తర్జనభర్జన లేని ఇల్లూ ఉండదు.

కల్లు ఒక ప్రభుత్వాన్ని కూడా కూల్చింది. శ్రీకాకుళం జిల్లా బారువలో 1909లో గీత కార్మిక కుటుంబంలో పుట్టిన గౌతు లచ్చన్న స్వాతంత్ర్యోద్యమంలో ఎదిగిన నాయకుడు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేనాటికి మద్రాసు నుంచి వారసత్వంగా వచ్చిన మద్యనిషేధం అమల్లో ఉంది. నిషేధం పేరిట బ్రాందీ తాగేవాడి కంటే తాడిచెట్టెక్కేవాడే ఎక్కువ దెబ్బతిన్నాడు. బతుకుతెరువు పోవడమే కాక చెట్టెక్కితే కేసు. నిషేధం తీరుతెన్నులు పరిశీలించిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తివేయమని సిఫారసు చేసినా ముఖ్యమంత్రి 'ఆంధ్రకేసరి' ప్రకాశం ప్రభుత్వం ఒప్పుకోలేదు. లచ్చన్న గీత కార్మికులను కూడగట్టి సత్యాగ్రహం నడిపారు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానంలో ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటుతో పడిపోయింది. మధ్యతరగతి జ్ఞాపకంలో ఆంధ్రకేసరి పతనంగా మిగిలిన ఆ సంఘటన, బారువ, సోంపేట తాటితోపుల్లో మరోలా గుర్తుంది. 1991లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమంతో 1993 అక్టోబరు 1న సారాను నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. 2019లో ప్రభుత్వ దుకాణాలు, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు దుకాణాలు. ఈసారి దుకాణాల్లో పదిశాతం గీత కులాలకు కేటాయించారు. కల్లు తీసే చేతికి సీసాల దుకాణం ఇవ్వడం ఒక రకం న్యాయమే కావచ్చు కానీ, కల్లుకు మాత్రం అందులో ఏమీ దక్కలేదు.

అంతకుముందు విజయనగరం ప్రాంతపు తాగుడు ఎలా ఉండేదో తెలియాలంటే 1909 నాటి 'కన్యాశుల్కం' నాటకం రెండో కూర్పు చదివితే సరిపోతుంది. సారాదుకాణంలో హెడ్డు కనిస్టీబూ బైరాగీ కూర్చునే రంగం కంటే మంచి పత్రం ఆ కాలానికి ఏ గెజిటీరులోనూ దొరకదు.

కాక్‌టెయిల్ అనే కలిపిన పానీయానికి తెలుగు తీరంతో పాత చుట్టరికం ఉంది. ఈ రోజు ప్రపంచమంతటా పండగ విందుల మధ్య పెద్ద గిన్నెలో పెట్టే పంచ్ అనే పానీయం గురించి దొరికిన తొలి రాతల్లో ఒకటి 1632 నాటి ఉత్తరం. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న రాబర్ట్ ఆడమ్స్, పెటపోలిలో ఉన్న థామస్ కాలీకి రాసినది. పెటపోలి అంటే నేటి బాపట్ల జిల్లా నిజాంపట్నం. బీరు ఓడలో చెడిపోయేది, వైను ఖరీదు. కంపెనీ నావికులు చేతికందిన తాటి, కొబ్బరి సారాలో నిమ్మరసం, పంచదార, నీళ్లు, మసాలా కలుపుకునేవారు. అక్కడి నుంచి ఆ గిన్నె లండన్ చేరింది, రెండు వందల ఏళ్లలో చిన్నదై ఒక్క గ్లాసుగా మారితే కాక్‌టెయిల్ అయింది. మచిలీపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో ఎంతమంది ఇలా కలుపుకున్నారో లెక్క ఎవరూ రాసిపెట్టలేదు.

మెస్కాల్‌ను ఈ దారిలోకి కొత్తగా మలిపినవాళ్లు న్యూయార్క్ బార్ల వాళ్లు. 2007లో డెత్ అండ్ కో అనే బారులో ఫిల్ వార్డ్ టెకీలాతో పాటు మెస్కాల్ కలిపి 'ఒహాకా ఓల్డ్ ఫ్యాషన్డ్' తయారుచేశాడు. నాలుగేళ్ల తర్వాత అదే బారులో హోకీన్ సీమో మెస్కాల్‌ను ఏపెరాల్, షార్ట్రూజ్ అనే మద్యాలతోనూ నిమ్మరసంతోనూ సమపాళ్లలో కలిపి 'నేకెడ్ అండ్ ఫేమస్' అని పేరుపెట్టాడు. ఇవి బారులో ఒక్కొక్కరికి చేసి ఇవ్వాల్సినవి. ముప్పైమంది చుట్టాలున్న ఇంట్లో పనికొచ్చేది మెక్సికో పల్లెవాళ్ల పద్ధతే. డిసెంబరు 16 నుంచి 24 దాకా అక్కడ జరిగే పొసాదా వేడుకల్లో పొయ్యిమీద పోంచే కాస్తారు: జామపండు, చెరుకు ముక్కలు, చింతపండు, ఎండు గోంగూర కాయతొడుగుల ఎర్రటి రసం, దాల్చినచెక్క, ముతక బెల్లం. కుండలో మత్తు ఉండదు. అడిగిన పెద్దల చెంబులో మాత్రం వడ్డించేటప్పుడు కాస్త సారా పోస్తారు. ఒకే కుండ నుంచి పిల్లలకూ, తాగనివాళ్లకూ, తాగేవాళ్లకూ ముట్టేలా చూసే ఈ ఏర్పాటు ఏ పండగ ఇంటికైనా పనికొస్తుంది.

ఆ జాబితాలో ఉత్తరాంధ్రకు కొత్తది ఏదీ లేదు. ఎర్రటి రసానికి వాడే ఆ మొక్క జాతే ఇక్కడ గోగునార పేరుతో పొలాల్లో పండింది. దానిమీద ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం కొత్త వంగడాలు తీసింది. నెల్లిమర్ల జూట్ మిల్లు వంటివి ఆ నారమీద బతికినవే. నార కోసం పండించినవాళ్లు దాని ఎర్ర కాయతొడుగును పట్టించుకోలేదు. దాన్ని ఎండబెట్టి, బెల్లం, మిరియాలు, యాలకులు, ఒక దాల్చినచెక్క వేసి కాచి, చల్లార్చి, నిమ్మ పిండితే శ్రీరామనవమి పానకానికి ఎర్ర చీర కట్టినట్టు ఉంటుంది. మెస్కాల్ దొరికిన ఇంట్లో గ్లాసుకు 30 మిల్లీలీటర్లు చాలు. పొగవాసన బలమైనది కాబట్టి అంతకుమించితే బెల్లమూ కాయా రుచి తెలియవు. గ్లాసు అంచుకు ఉప్పుకారం రాయడం ఇక్కడివాళ్లకు ఎవరూ నేర్పక్కరలేదు, పచ్చి మామిడికాయ తిన్న నాలుకకు అది పాత పరిచయం. పక్కన నంజుకోవడానికి వేపిన ఎండుచేప, మాడ్చిన మొక్కజొన్న బాగుంటాయి. గారెలు నూనె ఎక్కువై బరువు చేస్తాయి, పండగ పూట ఎవరూ మాట వినరన్నది వేరే సంగతి.

జీలుగు కల్లును ఇలా కలపాలనుకుంటే జాగ్రత్త ఎక్కువ కావాలి. అది దింపిన కుండలోనూ పులుస్తూనే ఉంటుంది. మూత బిగించిన సీసాలో పోసి ప్రయాణం చేస్తే గ్యాసు నిండి సీసా పగులుతుంది. కలపాల్సింది తాగే నిమిషంలోనే. సారా తోడు చెయ్యడం మరీ తెలివితక్కువ పని. కల్లు తేలికగా ఉంటుందన్న నమ్మకం లెక్కకు నిలవదు: 5 శాతం కల్లు పావులీటరులో ఉన్న ఆల్కహాలు, 40 శాతం మెస్కాల్ 30 మిల్లీలీటర్లలో ఉన్నదానికి దాదాపు సమానం, సుమారు 10 గ్రాములు. అంత పట్టే మూడు డొప్పలు తాగినవాడు మూడు పెగ్గులు తాగినవాడే. కల్లులో కల్తీ ప్రమాదం దీనికి అదనం. 2022 ఫిబ్రవరిలో నాటి తూర్పుగోదావరి మన్యంలోని రాజవొమ్మంగి మండలంలో జీలుగు కల్లు తాగి ఐదుగురు చనిపోయారు. ఎవరు గీశారో, ఏ చెట్టుదో తెలియని కల్లు ముట్టకూడదని కొండ పెద్దలు చెప్పే మాట చాదస్తం కాదు. కాచిన సారాకైతే మరో లెక్క: బట్టీ నుంచి మొదట కారే భాగాన్ని ఒహాకా బట్టీవాళ్లు వేరుచేస్తారు. దొంగచాటుగా కాచేచోట అంత ఓపిక ఉండదు, బెల్లం ఊటలో యూరియా నుంచి బ్యాటరీ దాకా ఏం కలిపారో చెప్పేవాడూ ఉండడు.

మెస్కాల్ లాంటిది ఆంధ్రలోనే తయారవుతుందన్నది చాలామందికి తెలియని విషయం. దక్కన్ పీఠభూమిలో పొలాల కంచెగా పెరిగే కిత్తనారను చూసి డెస్మండ్ నజరెత్ అనే వ్యాపారి చిత్తూరు జిల్లాలో చిన్న బట్టీ పెట్టి, 2011లో గోవా మార్కెట్లోకి దాన్ని విడుదల చేశాడు. టెకీలా, మెస్కాల్ పేర్లు మెక్సికోవి కాబట్టి సీసామీద అగేవ్ స్పిరిట్ అని రాసుకోవాలి. తర్వాత అతను ఇప్పపువ్వుతోనూ సారా తీశాడు. గోవా జీడిపండు ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు సాధించింది. మధ్యప్రదేశ్ 2021లో ఇప్పసారాను గిరిజన వారసత్వ పానీయంగా అమ్మనిస్తామని ప్రకటించింది. ఇక్కడ పలాస జీడిపప్పు దేశమంతా తెలిసినా, ఉద్దానం తోటల్లో గింజ ఒలుచుకున్న తర్వాత పండు ఎక్కువగా నేలపాలే అవుతుంది. జీలుగు కల్లును బెల్లంగా, నీరాగా మార్చే ప్రయోగాలు గోదావరి మన్యంలోని పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటితోపాటు జరుగుతున్నాయి. అవి పల్లెదాకా రావాలంటే గీసేవాడికి లైసెన్సూ, చల్లబరిచే పెట్టే, నాణ్యత చూసే మనిషీ కావాలి. సీతంపేట సంతలో ప్లాస్టిక్ సీసాల్లో అమ్మే కల్లుకు ఆ మూడూ లేవు. ఉన్న చట్టం పట్టుకోవడానికే తప్ప పెంచడానికి రాసింది కాదు.

అప్పటిదాకా పండగ ఇంటివాళ్లకు వర్తించే నిబంధనలు ఇవి. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం ఇవ్వకూడదు. ఫంక్షన్ హాల్లో విందుకు మద్యం పోయాలంటే ఎక్సైజ్ శాఖ దగ్గర తాత్కాలిక పర్మిట్ తీసుకోవాలి. సరిహద్దు దాటి ఒడిశా నుంచి సీసాలు తెచ్చుకోవడం చవకగా కనిపించినా, ఇక్కడి సుంకం కట్టని మద్యంగా దాన్ని పట్టుకుంటారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాలుతో బండి నడిపితే మొదటిసారి పదివేల రూపాయల జరిమానా, లేదా ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ. కాబట్టి సిరిమాను చూసో, శంబర వెళ్లో, చుట్టాలింట విందు చేసుకున్నవాళ్లు రాత్రికి అక్కడే పడుకుని, తెల్లారాక చోడి అంబలి తాగి బయల్దేరండి.